రాణి, ఆరు, నాలుగు

నేను ఒక పేకాట బల్లని. అర్ధచంద్రాకారంగా ఉంటాను. గుండ్రటి అంచు చుట్టూ ఆడేవాళ్ళు కూర్చుంటారు, తిన్నటి అంచు దగ్గర ముక్కలు పంచే డీలర్ నిలబడుతుంది. నా మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డని ఎన్నిసార్లు మార్చారో నాకే గుర్తులేదు. లోపలి చెక్క మాత్రం మొదటిదే. దాని అలసట కూడా పాతదే.

నన్ను గోవాలోని మాపుసా ఊళ్ళో ఒక వడ్రంగి చేశాడు. మంచాలూ తలుపులూ చేసుకునే మనిషి. పని పూర్తయ్యాక చుట్టూ తిరిగి చూసి, దీని మీద అన్నం తినడానికీ లేదు, పడుకోడానికీ లేదు, ఇదేం బల్ల అని నవ్వుకున్నాడు. నా గురించి ఎవరైనా ఆలోచించి అన్న మాట అదొక్కటే. ఆ తర్వాత నన్ను పడవలో వేసుకెళ్ళి మాండవి నది మధ్యన ఉన్న ఒక కేసినో ఓడలో దించారు. ఓడంటే పేరుకే ఓడ. లంగరు వేసుకుని నిలబడి ఉంటుంది, ఎక్కడికీ పోదు. కిటికీలకి తెరలు దించి ఉంచుతారు. బయట ఎండో వానో లోపలివాళ్ళకి తెలియకూడదు.

నా మీద ఆడేది మూడు ముక్కల పోకరు. ఆట తేలికే. ఆడేవాడు ముందు ఒక పందెం కాస్తాడు. అతనికి మూడు ముక్కలు, డీలర్‌కి మూడు ముక్కలు. తనవి చూసుకుని నచ్చకపోతే పారెయ్యొచ్చు, ఆ పందెంతో సరి. నచ్చితే అంతే పందెం ఇంకోటి పెట్టి నిలబడాలి. డీలర్ చేతిలో కనీసం రాణి ఉండాలి. లేకపోతే ఆడేవాడికి మొదటి పందెం గెలుపు, రెండోది ఉన్నది ఉన్నట్టు వెనక్కి. ఉంటే ఎవరి ముక్కలు పెద్దవో వాళ్ళదే గెలుపు. అంతే.

మరి ఎప్పుడు నిలబడాలి, ఎప్పుడు పారెయ్యాలి? దానికి లెక్కలు కట్టినవాళ్ళు చెప్పింది మూడు మాటలు: రాణి, ఆరు, నాలుగు. అంతకు ఎగువైతే ఆడు, దిగువైతే పారెయ్యి. ఆసో రాజో జతో ఉంటే ఆలోచించే పనే లేదు. రాణి ఉండి పక్కన ఏడో అంతకు పైదో ఉంటే మూడో ముక్క చూడనక్కర్లేదు. పక్కన ఆరే ఉంటే మూడోది నాలుగుకి తగ్గకూడదు. ఇలా ఆడితే మూడింట ఒక చెయ్యి పారెయ్యాల్సి వస్తుంది. ఇంత చేసినా చివరికి గెలిచేది ఓడ యజమానే, కాకపోతే నెమ్మదిగా గెలుస్తాడు. ఇది దాచిన విషయమేమీ కాదు. కానీ మనుషులు ముక్కల్ని ముద్దు పెట్టుకుంటారు, వాటి మీద ఊదుతారు, బతిమాలుతారు, తిడతారు. మూడింట ఒకసారి ఊరికే వదిలెయ్యమంటే మాత్రం ఎవరికీ చేతులు రావు.

నీలమణికి ఇదంతా బాగా తెలుసు. నా దగ్గర నిలబడ్డ డీలర్లలో నాకు నచ్చిన చెయ్యి ఆమెది. శ్రీకాకుళం జిల్లా పలాస పిల్ల. ఓడ తలుపులు తెరవకముందు నా గుడ్డని బ్రష్‌తో దులుపుతూ, పక్క బల్ల డీలర్ తెరెజాతో వచ్చీరాని హిందీలో కబుర్లు చెప్పేది. తండ్రి చిన్నప్పుడే పోయాడట. పెంచింది మేనమామ అసిరినాయుడు. జీడిపప్పు వ్యాపారం. పప్పు బస్తాల మధ్య కూర్చుని మూడు ముక్కలాట ఆడితే ఆయన ముందు నిలిచేవాడు లేడట. ముక్కలు చూడకుండానే పందెం పెంచుతూ, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ బెదరగొట్టేవాడట. ముక్కలు కలపడం ఆమె నేర్చుకుంది ఆయన్ని చూసే. "ఇంట్లో మాత్రం హోటల్లో రిసెప్షన్ అని చెప్పాను" అంది ఒకసారి. తెరెజా నవ్వింది. ఆ ఓడలో సగం మంది అమ్మాయిలు ఇళ్ళల్లో హోటలే చెప్పారు.

ఒక మధ్యాహ్నం మనుషులు పెద్దగా లేని వేళ ముగ్గురు పలాసవాళ్ళు లోపలికి వచ్చారు. జీడిగింజలు కోసే యంత్రం బేరం చెయ్యడానికి గోవా వచ్చినవాళ్ళు. ముందు నడుస్తున్న కామేశం అనే ఆయన గొంతు పెద్దది.

"కూకో నాయుడూ! మూడు ముక్కలంటే నీ సొంతాటే గదా!"

అసిరినాయుడు కుర్చీ లాగాడు. తలెత్తి డీలర్‌ని చూశాడు. నా అంచు మీద ఉన్న ఆయన చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది. అవతల వైపు నీలమణి వేళ్ళు పేక మీద ఆగిపోయాయి.

ఆమె అప్పుడే సూపర్‌వైజర్‌ని పిలిచి ఉండాలి. బంధువు ఎదురుగా కూర్చుంటే చెప్పి పక్కకి తప్పుకోవాలి, అది ఓడలో కట్టుబాటు. చెబితే, ఆమె ముఖం ఎరగని వెనకాల ఇద్దరికీ తెలిసిపోతుంది, రేపటికి పలాస అంతటికీ. ఆయన లేచి వెళ్ళిపోయి ఉండాలి. లేస్తే ఎందుకని కామేశం అడుగుతాడు. ఇద్దరికీ ఒకే భయం. అందుకే ఆయన కూర్చున్నాడు, ఆమె ముక్కలు పంచింది.

"వెల్‌కమ్ సార్" అంది.

తన మేనకోడలు తనని సార్ అనడం ఆయనకెలా తగిలిందో ముఖం చూస్తే తెలిసింది. ముక్కలు చూడకుండానే రెండో పందెం తోశాడు. తోసి ఆమె కళ్ళలోకి చూశాడు. పప్పు బస్తాల మధ్య ఎంతమందిని చూశాడో అదే చూపు. నీలమణి తన ముక్కలు తిప్పింది. జాకీకి మించినది ఏమీ లేదు. గెలుపు నాయుడిదే.

"చూసేవా, బెదిరిపోయింది!" అన్నాడు కామేశం.

ఎవరూ బెదరలేదు. ఈ ఆటలో డీలర్‌కి పారేసే హక్కే లేదు. వచ్చినవి తిప్పి చూపించడం ఒక్కటే ఆమె పని. కానీ ఒకసారి గెలిచిన మనిషికి ఆ మాట ఎవరు చెప్పగలరు? నాయుడు ప్రతి చేతికీ నిలబడ్డాడు. తొమ్మిది పెద్ద ముక్కగా ఉన్నా నిలబడ్డాడు. పారెయ్యడమంటే ఆ పిల్ల ముందు తలదించుకోవడం అనుకున్నాడో ఏమో. పందెం బిళ్ళలు నా మీదుగా ఆయన వైపు నుంచి ఆమె వైపు జరుగుతూనే ఉన్నాయి, తిరిగి రావడం తగ్గిపోయింది. కామేశం గొంతు కూడా తగ్గిపోయింది.

చివరికి నాయుడు చొక్కా లోపల చెయ్యి పెట్టి గుడ్డసంచీ తీశాడు.

"అది యంత్రం డబ్బు నాయుడూ" అన్నాడు కామేశం.

"తెలుసు."

సంచీ నా అంచు మీద పెట్టాడు. చిన్న సంచీ, కానీ ఇన్నేళ్ళలో అంత బరువు నా మీద ఎవరూ పెట్టలేదనిపించింది. ఆయన ముందు మూడు ముక్కలు బోర్లా ఉన్నాయి. ఎప్పటిలాగే ఈసారీ వాటిని చూడలేదు. సంచీ ముడి విప్పుతున్నాడు.

"ఒగ్గెయ్ మావయ్యా" అంది నీలమణి.

తెరెజా తలతిప్పి చూసింది. డీలర్లు ఆడేవాళ్ళకి సలహా చెప్పకూడదు, సొంత భాషలో అసలు మాట్లాడకూడదు. పైన కెమెరా ఉంది. నీలమణి ఆగలేదు.

"రాణి, ఆరు, నాలుగు. అంతకి తక్కువొస్తే ఒగ్గెయ్యాల. ముందు ముక్కలు సూడు. నన్ను సూస్తావేటి? నీకెదురుగున్నది నాను కాదు, ముక్కలు. అవి బెదరవు మావయ్యా."

"మావయ్యా?" అన్నాడు కామేశం. "ఏటి నాయుడూ, ఈ గుంట నీకేటవుద్ది?"

నేను చాలామంది మగవాళ్ళని చూశాను. ఇలాంటి చోట ఎవరో తెలీదని అనడం ఎంత తేలికో నాకు తెలుసు. నాయుడు ముక్కలు ఎత్తి చూసుకున్నాడు. రాణి, అయిదు, రెండు. నెమ్మదిగా వాటిని బోర్లించి ఆమె వైపు జరిపాడు.

"మా అక్క కూతురు" అన్నాడు. "నా సేతుల్లోనే పెరిగింది."

"హోటల్లో ఉజ్జోగం అన్నావు గదా?"

"అది సెప్పింది, నాను నమ్మీసినాను. నెలనెలా డబ్బులొస్తన్నాయి గదాని ఇంకేటీ అడగనేదు."

ఈలోగా సూపర్‌వైజర్ డిమెల్లో వచ్చాడు. ఒక్క మాటే అన్నాడు, అదీ మెల్లగానే. నీలమణి రెండు అరచేతులూ చాపి, తిప్పి, ఏమీ లేవని కెమెరాకి చూపించింది. బల్ల వదిలే ప్రతి డీలరూ చేసే పనే అది. ఆరోజు మాత్రం ఆ చేతులు కొంచెం ఎక్కువసేపు అలాగే ఉన్నాయి. నాయుడు లేచి నిలబడి, "బాబూ, దాని తప్పేటీ నేదు, నా తప్పే" అని డిమెల్లోకి తెలుగులో చెప్పుకుంటున్నాడు. డిమెల్లో మర్యాదగా తలాడించాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

మిగతాది తెరెజా నోటే విన్నాను. సాయంత్రానికల్లా ఉద్యోగం పోయిందట. ఒడ్డున పడవలరేవు దగ్గర ఆయన కాచుకుని ఉన్నాడట. ఇంటికి పదమన్నాడట. రానంది. ఈ పని నాకొచ్చు, తలెత్తుకునే చేశాను, ఎందుకు రావాలి అందట. ఆయనకి కోపం వచ్చి మాట్లాడకుండా బస్సెక్కేశాడట. యంత్రం మాత్రం కొన్నాడట.

తర్వాత ఓడని సింగారించినప్పుడు కొత్త బల్లలు వచ్చాయి. నా కాలొకటి అప్పటికే వదులు. నన్ను నది అవతల పర్వరి ఊళ్ళో డీలర్లకి పని నేర్పే ఒక బడికి అమ్మేశారు. ఇప్పుడు ఒక ఇరుకు గదిలో, గోడకానుకుని ఉంటున్నాను. ఇక్కడ బిళ్ళలు ఉత్తుత్తివి, పందేలు ఉత్తుత్తివి. ఓడినవాళ్ళు కూడా నవ్వుతారు. అలసిపోయినదానికి ఇంతకంటే మంచి చోటు దొరకదేమో.

ఇక్కడ పాఠం చెప్పేది నీలమణే. నన్ను గుర్తుపట్టలేదు, గుడ్డ కొత్తది కదా. పాఠం మధ్యలో ఫోన్ మోగితే ఒక్కోసారి చూసి ఎత్తుతుంది. "తిన్నాను మావయ్యా. కిలాసులో ఉన్నాను. మళ్ళా సేస్తాను" అని పెట్టేస్తుంది. మొదట మాట కలిపింది ఎవరో నాకు తెలీదు.

నిన్న ఒక నేపాలీ అమ్మాయి అడిగింది. "మేడమ్, ఎదురుగా కూర్చున్నది మనింటి మనిషైతే?"

"వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పి తప్పుకోవాలి. కట్టుబాటు అది. ఒక్క ముక్క కూడా పంచకూడదు."

"చెప్పకుండా పంచేస్తే? మధ్యలో ఆయన మునిగిపోతుంటే?"

నీలమణి పేకని నా మీద పెట్టి, దాని మీద చెయ్యి ఉంచింది.

"అప్పుడు నోరు తెరిచి చెప్పు" అంది. "ఉద్యోగం పోతుంది. పోతుందని తెలిసే చెప్పు."

ఆమె పేక తీసి కలిపి, అందరికీ మూడేసి ముక్కలు పంచింది.