దుర్గాశంకర్ గారి మతిమరుపు

పొద్దున పాలు పొంగే వేళకే కృష్ణలంకలో సుందరమ్మ గారి గుమ్మం ముందు ఇద్దరో ముగ్గురో నిలబడి ఉంటారు. ఆవిడ పూర్తి పేరు బాలత్రిపురసుందరి. ఒక్కోసారి ఆ పేరు ఆవిడకే సగంలో ఆగిపోతుంది కాబట్టి ఎవరూ అంత దూరం వెళ్ళరు.

"పిన్నిగారూ, బీరువా తాళం..." అంది ఎదురింటి అమలమ్మ. సందు మొదట్లో ఇడ్లీ బండి ఆవిడదే.

"బియ్యం డబ్బాలో చూడు. ఇడ్లీ బియ్యం కొలుస్తూ జారవిడిచావు."

ఎవరైనా ఏదైనా మర్చిపోతే అది సుందరమ్మ గారికి వస్తుంది. ఆ మనిషి పేరు ఆవిడ చెవిన పడి ఉంటే చాలు. తిరిగి చెప్పేశారంటే ఆవిడలోంచి వెళ్ళిపోతుంది. ఆ వీధికి ఇది కుళాయి నీళ్ళు రావడం లాంటిది. చెప్పించుకున్నవాళ్ళు ఓ మూర మల్లెపూలో, రెండు అరటికాయలో పెట్టి పోతారు.

ఆవిడ దిగులు వేరు. పొయ్యి మీద పప్పు సంగతి మర్చిపోతోంది. ఎప్పుడో పోయిన భర్త గొంతు ఎలా ఉండేదో మర్చిపోయింది.

"అందరివీ నా దగ్గరికి వస్తున్నాయి. నావి ఎవరి దగ్గరికి పోతున్నాయే?" అని కూతుర్ని అడుగుతుంది. రుచిత అప్పటికే చెప్పులు వేసుకుంటుంది. బస్సుకి టైమవుతూ ఉంటుంది.

రుచిత ఫార్మసిస్టు. సొంత కుర్చీ లేని ఫార్మసిస్టు. రిజిస్టర్ అయిన మనిషి లేకుండా మందుల షాపు నడపకూడదు. ఆ మనిషికి పురుడొచ్చినా, ఇంట్లో పెళ్ళొచ్చినా, డెంగీ వచ్చినా రుచితకి ఫోనొస్తుంది. పామర్రులో నాలుగు రోజులు, కొండపల్లిలో ఓ వారం. పిలిచేటప్పుడు ఎంత తొందరో. నువ్వు రాకపోతే షట్టర్ దించుకోవాలమ్మా అంటారు. పనయ్యాక ఆ ఫోన్లే ఎత్తరు. ఎత్తినవాళ్ళు ఒకటే మాట, "అయ్యో, మర్చిపోయానమ్మా."

అప్పుడు రుచిత ఇంటికి ఫోన్ చేస్తుంది.

"వచ్చిందా అమ్మా?"

"రాలేదే."

అంటే మర్చిపోలేదన్నమాట. గుర్తుంచుకునే ఆపారన్నమాట.

అందరిలోకీ కంకిపాడు సెంటర్లో దుర్గాశంకర్ ఘనుడు. వేసవి అంతా ఆయన షాపులో రుచిత నిలబడే ఉంది. ఒకరోజు ఆయన పెద్దమనసు చేసుకుని, "ఇంత ఎండలో నువ్వు రావడం దేనికమ్మా? నీ సర్టిఫికెట్ గోడకి తగిలించేసి ఇంట్లో కూర్చో. నెలకింతని పడేస్తా" అన్నాడు.

"గోడకున్న కాగితానికి ఏ మందు ఎవరికి పడదో తెలీదండీ" అంది రుచిత.

ఆ రోజు నుంచీ ఆయనకి మతిమరుపు పట్టుకుంది.

రుచితకి ఆ డబ్బు ఇప్పుడు కావాలి. రాణిగారితోటలో చిన్న షట్టర్ గది ఒకటి ఖాళీ అయింది. సొంతంగా మందుల షాపు పెట్టుకోవాలని అడ్వాన్సు కూడబెట్టింది. దుర్గాశంకర్ ఇవ్వాల్సినంతే తక్కువ పడింది. గది సొంతదారు నాగవేణి గారు శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగుతానంది. దాటితే చెప్పుల కొట్టువాళ్ళకి ఇచ్చేస్తుంది. ఆ గది పోతే రుచిత మళ్ళీ ఊరూరా ఇంకొకళ్ళ కుర్చీ తుడుచుకుని కూర్చోవాల్సిందే.

గురువారం దీపాలు పెట్టే వేళకి కంకిపాడులో దిగింది.

"ఏమ్మా రుచితా, టీ చెప్పమంటావా?" అన్నాడు దుర్గాశంకర్.

"టీలు చాలా తాగానండీ. డబ్బులిస్తే వెళ్తాను."

"నీవి ఎప్పుడో తీసి పక్కన పెట్టేశా. ఎక్కడ పెట్టానో, అదే గుర్తు రావట్లా." ఆ మాట అంటూనే దగ్గుమందు కొన్నతనికి రూపాయి తేడా రాకుండా చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.

రుచిత అక్కడే నిలబడి ఫోన్ చేసింది. "వచ్చిందా అమ్మా?"

"రాలేదు. అతను అక్కడే ఉన్నాడా? వినపడేట్టు పెట్టు." స్పీకర్లో సుందరమ్మ గారి గొంతు నెమ్మదిగా వచ్చింది. "బాబూ, అసురసంధ్య వేళ. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. లేనిపోని మాట అనకు నాయనా."

"నన్నేం చెయ్యమంటారండీ పెద్దమ్మగారూ. ఒట్టు. డబ్బు ఎక్కడ పెట్టానో మర్చిపోయాను." నెత్తిన చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు. పక్కనున్న దగ్గుమందు మనిషి కూడా నవ్వాడు.

బస్సులో రుచిత కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఏడుపు రావట్లేదు. వెనక్కి వెళ్ళి ఆ అద్దాల బల్ల మీదున్న సీసాలన్నీ ఒక్క తోపు తోసెయ్యాలని ఉంది. తన డబ్బు తను అడగడానికి చార్జీలు కూడా తనే పెట్టుకోవాలి. గంగూరు దాటుతుండగా ఫోన్ మోగింది.

"వచ్చిందే" అంది సుందరమ్మ గారు.

"ఏం వచ్చింది?"

"అతగాడు డబ్బు దాచిన చోటు. నీ ఒక్కదానిదే కాదు, షాపు డబ్బంతా. ఎక్కడో మాత్రం నన్నడక్కు. అతనిది అతనికే చెప్పాలి."

తెల్లారేసరికి దుర్గాశంకర్ అమలమ్మ వెనకాల నిలబడి ఉన్నాడు. సుందరమ్మ గారి సంగతి వేసవిలో రుచిత చెబితే నవ్వేసినవాడే. చొక్కా నిండా దుమ్ము. తన వంతు వచ్చేదాకా ఆయనకి ఎవరూ కుర్చీ వెయ్యలేదు.

"మధ్యాహ్నం మందుల ఏజెన్సీ వాళ్ళకి రొక్కం కట్టాలి పెద్దమ్మగారూ. అటకలు కూడా దింపి చూశాను. మీరు చెప్పండి, చెప్పగానే వెళ్ళి మీ అమ్మాయివి తెచ్చి..."

"చెబితే మీకు గుర్తొస్తుంది. గుర్తొస్తే మళ్ళీ మర్చిపోతారు" అంది సుందరమ్మ గారు.

"చేతిలో ఫోనుందిగా, అందులోంచి వెయ్యండి" అంది అమలమ్మ. "నా బండి దగ్గర రెండు ఇడ్లీకి కూడా అదే కొడుతున్నారు."

దుర్గాశంకర్ ఇద్దరి మొహాలూ చూసి ఫోన్ తీశాడు. వేలితో నాలుగుసార్లు నొక్కాడు. రుచిత ఫోన్ టింగుమంది.

మొత్తం పడింది. అర నిమిషం పట్టలేదు. అప్పుడొచ్చింది రుచితకి అసలు కోపం. వేసవి పోయింది, వానలు వచ్చాయి, ఎన్నిసార్లు ఆ బందరు రోడ్డంతా వెళ్ళి వట్టి చేతులతో వచ్చింది. అర నిమిషం పని కోసం.

"ఇక చెప్పండి" అన్నాడు దుర్గాశంకర్.

సుందరమ్మ గారు నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. చేత్తో ఒళ్ళో తడుముకుంది, అక్కడేదో పెట్టుకున్నట్టు.

"ఇప్పుడే ఉంది" అంది. "పొద్దున కూడా ఉంది." ఆవిడ మొహం తెల్లబోయింది.

"ఏంటండీ ఈ నాటకాలు? డబ్బు పడ్డాక మర్చిపోతారా?"

"మీరా ఆ మాట అనేది?" అంది అమలమ్మ.

రుచిత గుమ్మం పట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే ఆమెకి తెలిసింది. షాపులో మందుల ఫ్రిజ్, కింది అర, ఇన్సులిన్ పెట్టెల వెనక తెల్ల థర్మాకోల్ డబ్బా. వేళ్ళకి చల్లగా తగిలింది కూడా. దాని వెనకే ఇంకోటి వచ్చింది. వీధి చివర నుంచే "సుందరీ, తలుపు తియ్యి" అంటూ వచ్చే మగగొంతు, కొంచెం జీర, చివర్లో నవ్వు. రుచిత ఊయల్లో ఉండగా పోయిన మనిషిది.

గుమ్మం వదిలి దుర్గాశంకర్ వైపు తిరిగింది.

"రేపు రండి" అంది.

"రేపేంటమ్మా? మధ్యాహ్నానికల్లా కట్టాలంటుంటే."

"మర్చిపోతే ఏం చేస్తామండీ. గుర్తు రానివ్వండి."

బ్యాగు భుజాన వేసుకుంది. నాగవేణి గారు మధ్యాహ్నం దాకానే ఆగుతుంది. వెళ్ళబోతూ తల్లి ముందు గొంతుక్కూర్చుంది.

"నీకు వచ్చిందా?" అంది సుందరమ్మ గారు, ఎవరికీ వినపడకుండా.

"వచ్చిందమ్మా. నాన్న గొంతు కూడా."

సుందరమ్మ గారి వేళ్ళు కూతురి మణికట్టు మీద బిగుసుకున్నాయి. చెబితే తనలోంచి పోతుందని రుచితకి తెలుసు. పట్టుమని అయిదు నిమిషాలు కూడా కాలేదు అది వచ్చి. తల్లి చెవి దగ్గరికి వంగి, ఆ జీరతో, ఆ చివరి నవ్వుతో సహా చెప్పేసింది.

లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం బయట దుర్గాశంకర్ ఇంకా నిలబడే ఉన్నాడు.