గోళీ పడకముందే గంట

తెల్లవారి నమాజు అయ్యీ అవకముందే తెనింగ్ ఫెర్రీ రేవులో పొయ్యి ముట్టిస్తుంది. అలసందలు ఉల్లిపాయలతో ఉడికి దగ్గరపడేసరికి బేకరీ నుంచి రొట్టెలొస్తాయి. పొడుగాటి రొట్టెని నిలువునా చీల్చి, కూర దట్టించి, పాత పేపర్లో చుట్టి ఇస్తుంది. మా ఊరు మారోతెండాలో ఆ రొట్టె తినకుండా ఏరు దాటినవాడు లేడు. దాటేది పడవలోనే అనుకోండి. ఫెర్రీ ఎప్పుడో ఒడ్డెక్కి తుప్పు పట్టింది. అందులో మేకలు కాపురం పెట్టాయి.

తెనింగ్ పొయ్యి దగ్గర జనం ఆచితూచి మాట్లాడతారు. "సాయంత్రం వచ్చి కనబడతాలే" అని ఎవడైనా నోరు జారాడా, వాడు రాడనుకోండి, ఆవిడ గుండెలో ట్రింగుమని సైకిలు బెల్లు మోగుతుంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న సైకిలు కొనిపెడతానని ఆశపెట్టి కొనలేదు. సైకిలు రాలేదు గానీ బెల్లు మాత్రం వచ్చింది. నెరవేరని మాట ఎవరిచ్చినా సరే, ఇచ్చినవాడికి ఆ సంగతి తెలిసినా తెలియకపోయినా మోగుతుంది. పెళ్ళి మాటలప్పుడు రెండు వైపులవాళ్ళూ ఆవిణ్ణి పిలిచి మధ్యలో కూర్చోబెట్టుకుంటారు. కొన్ని ఇళ్ళవాళ్ళు పిలవరు. ఎందుకు పిలవరో మాకు తెలుసు.

చిక్కంతా ఎన్నికలప్పుడే. మా గాంబియాలో ఓటంటే గోళీ. ఆఫీసరు చేతిలో పెట్టిన గోళీతో తెర వెనక్కి వెళ్ళి, నచ్చిన మనిషి ఫోటో అతికించిన పీపా గొట్టంలో దాన్ని వదిలితే, లోపల గంట ఒక్కసారి మోగుతుంది. రెండుసార్లు మోగిందంటే దొంగ గోళీ వేశావని లెక్క, నేరుగా జైలే. ఆ గంటా సైకిలు బెల్లూ ఒక్కలాగే వినబడతాయి కాబట్టి పోలింగు రోజు ఆ చుట్టుపక్కలకి సైకిళ్ళు రానివ్వరు. సైకిళ్ళతోపాటు తెనింగ్‌ని కూడా రానిచ్చేవాళ్ళు కాదు.

పోలింగు ముందురోజు పొద్దున పోలీసు సాంకుంగ్ రొట్టె కోసం వచ్చాడు. అతను జోలా, ఆవిడ సెరేర్. ఆ రెండు జాతులకీ తాతలనాటి నుంచీ ఎగతాళి చుట్టరికం. ఎవరు ఎవర్నెంత మాటన్నా అనొచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు.

"ఏమే నా బానిసా, అలసందలు లెక్కపెట్టి వేస్తున్నావా ఏంటి?" అన్నాడు సాంకుంగ్.

"బియ్యం బస్తా కనబడితే కన్నతల్లిని మర్చిపోయే జాతిరా మీది. అలసందలతో నీకేం పని?"

"రేపు సైకిళ్ళు రాకూడదు. నువ్వూ రాకూడదు. ముందే చెప్తున్నా."

తెనింగ్ గరిటె కింద పెట్టింది. "రేపు వస్తాను సాంకుంగ్. ఈసారి ఓటేస్తాను. ఫెర్రీ బాగుచేయిస్తానని మన ఎంపీ, ఆ హానరబుల్, మొదటిసారి అన్నప్పుడూ మోగింది, రెండోసారి అన్నప్పుడూ మోగింది. ఈ మధ్యలో పడవ తిరగబడి మా ఆయన పోయాడు. నేనేం, ఉత్తినే మోగడానికే పుట్టానా?"

సాంకుంగ్, ఏమీ తోచనప్పుడు మగాళ్ళు చేసే పనే చేశాడు, ఒక జోకేశాడు. "వస్తే రా. నేనే నిన్ను అరెస్టు చేస్తా."

ఇద్దరూ చెవులు రిక్కించారు. బెల్లు మోగలేదు.

"మోగలేదేంటే," అన్నాడు సాంకుంగ్ మెల్లగా.

"విన్నాను," అని రొట్టె చుట్టి అతని చేతిలో పెట్టింది తెనింగ్. మోగలేదంటే అది నెరవేరే మాటే. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యడం కూడా మర్చిపోయింది.

అయినా మర్నాడు వచ్చింది, పండక్కి కట్టే తలగుడ్డ కట్టుకుని మరీ. పోలింగు ఆఫీసరు రాజధాని నుంచి వచ్చిన తమ్సీర్ అనే సన్నటి మనిషి. సంగతంతా విని రూల్సు పుస్తకం తిరగేశాడు. "సైకిళ్ళు కూడదనే ఉంది. ఈవిడకి చక్రాలు లేవుగా. రానివ్వండి," అన్నాడు. "కానీ ఈవిడ లోపలున్నంతసేపూ ఎవ్వరూ ఎవ్వరికీ ఏ మాటా ఇవ్వకూడదు."

అప్పుడు గానీ మాకు అర్థం కాలేదు, రోజు మొత్తం మీద ఎన్నెన్ని మాటలు ఇచ్చేస్తుంటామో. చంకలో పిల్లాడు ఏడుస్తుంటే మామిడిపండు ఇస్తాననబోయి ఒకావిడ నోరు మూసుకుంది. వాడు ఏడుస్తూనే ఉన్నాడు. మిగతా లైనంతా చావింట్లో భోజనాలకి కూర్చున్నట్టు నిశ్శబ్దంగా నిలబడింది. తెనింగ్ వేలికి సిరా పూయించుకుని, గోళీ గుప్పిట్లో పెట్టుకుని తెర వెనక్కి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే హానరబుల్ ఫబాకరి కారు దిగాడు. పోలింగు రోజున ప్రచారం తప్పు. కానీ ఆయన లెక్కలో అది ప్రచారం కాదు, పలకరింపు. నలుగురు కనబడితే ఆయన నోరు ఊరుకోదు, అది ఆయన జబ్బు. "బాగున్నారా అంతా? మన ఫెర్రీ ఈ వానలు పడేలోపల..."

ట్రింగ్.

ఉలిక్కిపడ్డ తెనింగ్ చేతిలోంచి గోళీ గొట్టంలోకి జారింది. మళ్ళీ ట్రింగ్.

"రెండు ఓట్లు. రెండూ నాకు వ్యతిరేకంగానే పడ్డాయి, నాకు తెలుసు. పట్టుకోండి దాన్ని," అన్నాడు హానరబుల్.

సాంకుంగ్ వెళ్ళి తెనింగ్ మణికట్టు పట్టుకున్నాడు. తెర బయటికి తీసుకొచ్చాడు. "క్షమించు..." అనబోయాడు.

"క్షమాపణ అడక్కు. చుట్టరికం పాడవుతుంది," అంది తెనింగ్. మాటైతే గట్టిగానే అంది గానీ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

తమ్సీర్ గొంతు సవరించుకున్నాడు. "మొదట మోగింది ఈవిడ గుండె కావచ్చు కదండీ?"

"ఎలా అవుతుంది? ఆవిడ బెల్లు నెరవేరని మాటకే కదా మోగేది," అన్నాడు హానరబుల్. "నేనిచ్చింది నెరవేరే మాట. కాబట్టి మోగింది పీపాయే."

మా ఊళ్ళో బడికెళ్ళినవాళ్ళు కూడా ఆ లెక్కకి తలూపేశారు. తమ్సీర్ మాత్రం, "అయితే ఆ మాటే ఇంకోసారి అనండి. ఇప్పుడు ఆవిడ పీపాకి దూరంగానే ఉన్నారు," అన్నాడు.

"వానలు పడేలోపల ఫెర్రీ నడిపిస్తా." ట్రింగ్.

లైనులో ఎవరో కిసుక్కుమన్నారు. హానరబుల్‌కి పౌరుషం వచ్చింది. "అది కావాలని మోగిస్తోంది. చూడండి, బడికి కప్పు వేయిస్తా." ట్రింగ్. "పోనీ, ఒక్క చేతిపంపు." ట్రింగ్. "కనీసం ఫెర్రీలో ఆ మేకలనైనా తోలిస్తా." ట్రింగ్. "సరే, ఈ పూట మీ అందరికీ చేపలన్నం పెట్టిస్తా, ఇక మాట్లాడొద్దు." ట్రింగ్. నిజం చెప్పాలంటే, మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఆ చివరిదే. పొద్దున్నుంచీ ఆకలితో నిలబడ్డాం.

సాంకుంగ్ తెనింగ్ చెయ్యి వదిలేశాడు. తమ్సీర్ ఆవిడ వైపు చూసి, "మీ ఓటు పడిందమ్మా. ఒక్కటే పడింది. ఇంటికెళ్ళండి," అన్నాడు.

హానరబుల్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "ఛీ, ఇదీ ఒక ఊరే, మీరూ ఒక జనమే. ఇక ఈ జన్మలో మీ గుమ్మంలోకొచ్చి ఓటడిగితే ఒట్టు."

అందరం ఆగాం. పిల్లాడు కూడా ఏడుపు ఆపాడు. తెనింగ్ గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఎంతసేపు చూసినా ఏమీ మోగలేదు.

ఆ ఒట్టు నిజంగానే నిలబడిపోతుందని అప్పుడు హానరబుల్‌కి తట్టింది. తర్వాత రెండడుగులు ముందుకేసి, మేమెన్నడూ వినని చిన్న గొంతుతో, "తెనింగమ్మా, ఒక్కసారి మోగదా?" అని అడిగాడు.

"నా చేతుల్లో ఏముందయ్యా," అంది తెనింగ్. ఆయన కారు దగ్గరికి వెళ్ళడానికి మేం పక్కకి జరిగి దారిచ్చాం.