మనింటి జుట్టు

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టారంటే అందరూ నవ్వుతారు గానీ, విగ్గులు కట్టే ఆమెకు ముడులే జీవనం. సన్నటి వల మీద కొక్కెం సూదితో వెంట్రుక వెంట్రుకా ముడివేసి, దేశదేశాల బట్టతలలకు పరువు నిలబెట్టేది. పక్కన పనిచేసే ఆడవాళ్ళు ఆమెను ముడులక్క అనేవాళ్ళు. అక్క అనిపించుకోవడానికి ఆమె ఎన్ని తిట్లు తిన్నదో వాళ్ళకు తెలుసు.

ఒకరోజు అన్న వచ్చాడు. సొంత అన్నే, ఇరవై ఏళ్ళ తర్వాత. తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, టోపీ తీసి నడినెత్తి బట్టతల చూపించాడు. మూతికి మాస్కు, కళ్ళకు భూతద్దాలు పెట్టుకున్న ఆమెను పోల్చుకోలేకపోయాడు. పన్నెండు దేశాల్లో ఆఫీసులున్న కంపెనీలో, అన్ని రకాల మనుషులనూ కలుపుకుపోవాలని నేర్పే విభాగానికి అతనే పెద్దట. పైన పటారం, లోన లొటారం!

"వచ్చే నెల పెద్ద సభండీ. ఆడా మగా అన్న గీతలు చెరిపెయ్యాలని నేనే మాట్లాడాలి. మా తమ్ముడొకడు అలాంటివాడే ఉండేవాడు. చిన్నప్పుడే పోయాడు పాపం. ఆ కథ చెప్తే హాలంతా కన్నీళ్ళే," అన్నాడు కొలతలిస్తూ.

టేపు ఆమె చేతిలోనే ఆగిపోయింది. పోయాడట! ఆ తమ్ముడు తనే. పదహారేళ్ళప్పుడు ఆమె భుజాల దాకా పెంచుకున్న జుట్టును వంటింటి కత్తెరతో కోసి, చుట్టాల ముందు నిలబెట్టి నవ్వించి, వీధిలోకి గెంటింది వీడే. ఇప్పుడు చంపేశాడు కూడా. అయినా గొంతు మార్చకుండా, "మీ జుట్టులో కలిసిపోయేలా చేస్తాలెండి," అంది.

కోసిన ఆ జుట్టు ఆమె దగ్గరే ఉంది. గెంటేసిన రోజు అమ్మ దానికి రబ్బరుబ్యాండు చుట్టి సంచిలో దోపింది. ఎంత ఆకలేసినా ఆమె దాన్ని అమ్మలేదు. నెల రోజులు కూర్చుని, ముడిముడికీ పళ్ళు నూరుతూ దానితోనే విగ్గు కట్టింది. పని మాత్రం ఎక్కడా చెడలేదు. పగ పేరు చెప్పి పని పాడుచేసే రకం కాదామె.

సభ రోజు పొద్దున అతికించింది. అన్న అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. "అచ్చం నా జుట్టేనండీ! ఎక్కడ దొరికింది?"

ఆమె మాస్కు తీసింది. "మనింట్లోనే అన్నయ్యా. నువ్వే కోసిచ్చావు."

అద్దంలో రెండు ముఖాలు, రెండింటికీ అమ్మ ముక్కే. అన్న రెండు చేతులా పీకాడు. చర్మం లేచింది గానీ విగ్గు రాలేదు.

"లాగకు. నా మందు రాస్తేనే వస్తుంది, సాయంత్రం రా. తొందరైతే కత్తెరతో కోసుకో, నీకు అలవాటేగా! నా జుట్టు పెట్టుకుని నా చావు కథ చెప్పగలిగితే చెప్పు."

కింద కారు హారన్ మోగుతోంది. అన్న విగ్గుతోనే మెట్లు దిగిపోయాడు.

ఆడవాళ్ళంతా ఫోన్ చుట్టూ చేరి సభ చూశారు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అతని చెయ్యి మాటిమాటికీ తల మీదికి పోతోంది. "నాకొక తమ్ముడు..." అని ఆగాడు. నీళ్ళు తాగాడు. "తమ్ముడు కాదు, చెల్లెలు. బతికే ఉంది. వెళ్ళగొట్టింది నేనే," అన్నాడు. హాలంతా లేచి నిలబడి ఐదు నిమిషాలు చప్పట్లు కొట్టింది. అన్న చేతులు జోడించి, మెల్లగా నవ్వడం మొదలుపెట్టాడు.

"చచ్చినప్పుడూ వాడికే చప్పట్లు, బతికొచ్చినా వాడికే," అంది ముడులక్క. ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది.

సాయంత్రం అన్న ఫోటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకొచ్చి, అతన్ని గుమ్మం బయట నిలబెట్టాడు. "చెల్లెమ్మా!" అన్నాడు జీవితంలో మొదటిసారి. "కంపెనీ పత్రికకు మనిద్దరి ఫోటో కావాలట. తీశాక ఈ విగ్గు తీసెయ్యి."

"ముందు కూర్చో," అందామె. దూదితో మందు అద్ది, ఒక్క వెంట్రుక తెగకుండా విగ్గు ఊడదీసి, అమ్మ ఇచ్చిన సంచిలో పెట్టుకుంది. తర్వాత తలుపు బార్లా తెరిచి కేకేసింది. "ఫోటో బాబూ, రండి! మీరూ రండర్రా, మా అన్నయ్య వచ్చాడు!"

పన్నెండుమంది ఆడవాళ్ళు, వాళ్ళ వెనక కెమెరా. అన్న రెండు చేతులతో తల కప్పుకున్నాడు.

"ఆ రోజు నేనూ అలాగే కప్పుకున్నానన్నయ్యా," అంటూ అతని పక్కన నిలబడి ఆమె కెమెరా వైపు చూసింది. "తియ్యండి."