బరువు దిగాకే బిగింపు

పెద్దమేస్త్రీ తన తమ్ముడి గురించి మాట్లాడడు. సొంత షెడ్డు విడిచి ఎందుకు వచ్చాడో చెప్పడు. కార్బురేటరు గురించి అడిగితే గంటసేపు వివరిస్తాడు. తమ్ముడి ఊసెత్తితే పానా తీసుకుని బండి కిందికి దూరిపోతాడు. కనుక ఈ సంగతి ఆయన చెప్పగా తెలిసింది కాదు.

అప్పటికి ఆయన పెద్దమేస్త్రీ కాదు, ఉత్త అన్న. అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో పాత కార్లు బాగుచేసేవారు. ఉదయం ఎనిమిదింటికి అన్న తాళం తీసేవాడు. ముందు రాత్రి గోడవైపు ముఖం పెట్టి వరుసగా నిలిపి వెళ్లిన కార్లన్నీ అప్పటికి తమ్ముడి బల్లవైపు తిరిగి ఉండేవి. చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టినా, ఇటుకలు దాటి మరీ తిరిగేవి. దీన్నెవరూ వింతగా చూడలేదు. కారు వదిలిపెట్టిన వాళ్లు మర్నాడు వచ్చి, వెతుక్కోకుండా నేరుగా ఆ వైపుకే వెళ్లి తలుపు తీసుకునేవారు.

అన్న మాత్రం ఒక్కొక్కదాన్నీ భుజంతో తోసి, మళ్లీ గోడవైపు తిప్పి నిలిపేవాడు. రోజూ ఆయన చేసే మొదటి పని అదే.

"ఎందుకండీ ఆ అవస్థ? రేపటికి మళ్లీ అటే చూస్తాయిగా," అనేది టీ తెచ్చిన భార్య.

"షెడ్డన్నాక ఒక క్రమం ఉండాలి."

"క్రమమూ కాదు, పాడూ కాదు. కడుపుమంట. అలా వేపాకు నమిలిన ముఖం పెడితే, బండ్లదాకా ఎందుకు, నేనే అటు తిరుగుతాను!"

తమ్ముడు పగలబడి నవ్వేవాడు. "అదేం కాదు వదినా. అన్నయ్య చదువుకున్నవాడు. చదువంటే వాటికి భయం."

ఆ మాటలోని మంచితనం అన్నకు ముల్లులా దిగేది. తమ్ముడికి పానా పట్టడం నేర్పింది ఆయన. రాత్రింబవళ్లు పుస్తకాలు చదివి పరీక్షలు నెగ్గింది ఆయన. బండ్లు తిరిగింది తమ్ముడివైపు.

ఒక సోమవారం కోటుపెద్దాయన వచ్చాడు. నడి వేసవిలోనూ కోటు విప్పని మనిషి కనుక ఆ పేరు. ఆయన ఇంట ముప్ఫై పాత కార్లున్నాయి; వాటిని కనిపెట్టుకుని ఉండే పెద్దమేస్త్రీ పదవి కోసం అన్న ఇరవై ఏళ్లుగా ఆశపడుతున్నాడు. ఆ ఆశ ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

"అరవై ఏళ్ల బండి. గేరు మారిస్తే చాలు, నా కట్టుడుపళ్లు ఊడి వస్తున్నాయి," అన్నాడు కోటుపెద్దాయన, తన పచ్చకారును చూపిస్తూ. "మీ ఇద్దరిలో దీని అదురు ఎవరు మాన్పితే వారే నా పెద్దమేస్త్రీ. శుక్రవారం వస్తాను."

అన్న క్లచ్చు లోపమన్నాడు. రెండు రోజులు విప్పి, ప్లేటు మార్చి బిగించాడు. అదురు పిసరంతైనా తగ్గలేదు. మూడోనాడు తమ్ముడు గేర్‌బాక్సు కింద ఇనుపకడ్డీ ఆనించి మెల్లగా ఎత్తాడు. గేర్‌బాక్సు బరువు మోసే రబ్బరు మౌంటు, పాత చెప్పు అట్ట విడినట్టు, ఇనుపరేకు నుంచి ఊడి వేలాడింది.

"పాపం, నువ్వు ఆ చివర చూస్తున్నావు గదా అన్నయ్యా, అందుకే కనబడలేదు."

ఆ 'పాపం' అన్న మాటను ఆయన క్షమించలేదు.

అటువంటి మౌంటు ఎక్కడా దొరకదు. తమ్ముడు పాత రేకుల మధ్యనే కొత్త రబ్బరు పోయించుకొచ్చాడు. శుక్రవారం ఉదయం జాకీ మీద చెక్క వేసి గేర్‌బాక్సును ఎత్తిపట్టి, మౌంటు అమర్చి, నాలుగు బోల్టులనూ వేళ్లతో మాత్రమే తిప్పి వదిలాడు. జాకీ దింపి, బరువు మౌంటు మీద కూర్చున్న తరువాతే పానాతో బిగించాలి. ముందే బిగిస్తే రబ్బరు మెలిపడి, కొత్తదైనా అదురుతుంది. 'బరువు దిగాకే బిగింపు' అని ఆ పాఠం చెప్పింది అన్నే.

తమ్ముడు చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. అన్న బండి కిందికి జరిగి, జాకీ ఎత్తి ఉండగానే, నాలుగు బోల్టులనూ బలంకొద్దీ బిగించి బయటికి వచ్చాడు. కాసేపటికి తమ్ముడు తిరిగి వచ్చి, జాకీ దింపి, పానా ఒకసారి ఆనించి లేచాడు. గమనించలేదనుకున్నాడు అన్న.

కోటుపెద్దాయన వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. తమ్ముడు గేరు వేశాడు. కారు జ్వరం వచ్చినట్టు వణికింది. ఇంజను ఆపి తమ్ముడు కిందికి దిగాడు.

అప్పుడు పచ్చకారు కదిలింది. ఆగిన ఇంజనుతో, సమతలమైన నేల మీద, తమ్ముడి బల్లను దాటి మెల్లగా తిరిగి, అన్న మోకాళ్లకు బంపరు ఆనించి నిలబడింది.

"హమ్మయ్య! ఇన్నాళ్లకు ఒక్కదానికైనా మీ ముఖం నచ్చింది," అంది భార్య.

"నిన్నే అడుగుతోంది అన్నయ్యా. చూడు," అన్నాడు తమ్ముడు.

అది మక్కువ కాదని అన్నకు తెలుసు. దెబ్బ తిన్న బిడ్డ, కొట్టినవాడి ఎదుటికే వచ్చి నిలబడుతుంది. ఆయన కిందికి దూరి నాలుగు బోల్టులూ వదులు చేసి, బరువును కూర్చోనిచ్చి, తిరిగి బిగించాడు. పావుగంట పట్టింది. తరువాత ఊరంతా తిరిగినా కోటుపెద్దాయన పళ్లు కదలలేదు.

"బండే తేల్చింది, ఇక నేను తేల్చేదేముంది? మీరు వచ్చేయండి," అన్నాడాయన.

అన్న నాలుక చివరిదాకా నిజం వచ్చింది. తమ్ముడు ఆయన భుజం తట్టి నవ్వుతున్నాడు. ఆయన నిజాన్ని మింగి, పదవిని పుచ్చుకున్నాడు.

ఇక్కడ, కోటుపెద్దాయన ఇంట, ముప్ఫై కార్లూ ఎటు నిలిపితే అటే ఉంటాయి. వాటిని తోయవలసిన పని లేదు.

ఏడేళ్ల తరువాత ఒక ఉత్తరం వచ్చింది. పెద్దమేస్త్రీ దానికి జవాబు రాయలేదు.

"అన్నయ్యా,

ఆనాడు చేతులు కడుక్కుని వస్తుంటే బండి కింద నీ కాళ్లు కనిపించాయి. నువ్వు బయటికి వచ్చేదాకా ఆగుదామని వెనక్కి వెళ్లి, శుభ్రంగా ఉన్న చేతులనే మళ్లీ కడుక్కున్నాను. ఆ పని నీకు అంతగా కావాలని అప్పటిదాకా నాకు తెలియదు. అడిగి ఉంటే తప్పుకునేవాణ్ణి. నువ్వు అడిగే మనిషివి కావు.

వదినకు చెప్పలేదు, చెప్పను.

నా నడుము ఇప్పుడు వంగడం లేదు. బండి కింద పడుకోలేకపోతున్నాను. ఒక్కసారి వచ్చి వెళ్లు. రాలేకపోతే, రాలేనని అయినా ఒక ముక్క రాయి. ఎదురుచూడటం మానేస్తాను."