పడ్డట్టే లెక్క

తడి కట్టెని గొడ్డలి మడమతో కొడితే మొద్దుగా మూలుగుతుంది, ఎండినదైతే ఖంగుమంటుంది, ఇది ఖంగుమంది, నాలుగు రోజుల వంటకి ఢోకా లేదు, ఈ చెవులకి మనుషుల మాటలు సగమే చేరుతాయి గానీ కట్టె మాట పూర్తిగా వినిపిస్తుంది, అటువైపు కోడలు కొమ్మలు విరిచి పేరుస్తోంది, వంచిన నడుం ఎత్తదు, మొన్నటి గాలికి ఎన్ని చెట్లు పడ్డాయో, అడవి గేటు దగ్గర ఫారెస్టు గార్డు, మామ్మా, నేలమీద పడ్డవే మీవి, నిలబడ్డదాని జోలికి పోకు అన్నాడు, ఇక్కడ నిలబడ్డవాడివి నువ్వొక్కడివే నాయనా, నీ జోలికి రాను లే అన్నాను, వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు, కోడలు నవ్వలేదు, ఈ గేటు దాటాక అది నవ్వి పదిహేనేళ్లయింది.

రేపు మనవరాలు వస్తుంది, ఉద్యోగం వచ్చింది దానికి, నన్ను తీసుకెళ్లి తన దగ్గరే ఉంచుకుంటుందట, గది చిన్నది నాన్నమ్మా, మనిద్దరికే సరిపోతుంది అని ఫోన్లో చెప్పింది, మరి మీ అమ్మో అంటే, నాన్నని ఆ చెట్టు కిందికి తోలిన మనిషితో నేనుండలేను అంది, ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట చెవిలోనే ఉండిపోయింది, కన్నతల్లిని ఆ మాట అనడం దానికి ఎవరు నేర్పారు, ఇంకెవరు, అన్నం ముద్దలతో పాటు నేనే పెట్టాను.

అత్తయ్యా, అటు వద్దు, అని కోడలు వచ్చి నా మణికట్టు పట్టుకుంది, తలెత్తి చూద్దును కదా, నాలుగడుగుల్లో ఒక చెట్టు, వేళ్లతో సహా లేచి పక్క చెట్టు కొమ్మల్లో చిక్కుకుని వాలి ఉంది, ఆ రోజూ ఇలాగే, ఇంత లావుది, అమ్మా, ఇది ఇంకా పడలేదే అన్నాడు నా కొడుకు, వద్దండీ, రండి అంది కోడలు, నేనే, అవును నేనే, పడ్డట్టే లెక్కరా, కొట్టు, నెల రోజుల వంటచెరకు వదులుకుంటామా అన్నాను, దాన్ని చూసి, నీ మొగుడేం అరిగిపోడు లేవే అని ఎద్దేవా కూడా చేశాను, మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో మాను దొర్లింది, అరుపు కూడా లేదు, తర్వాత ఇంటినిండా జనం, అసలు దాని కిందికెందుకు పోయాడమ్మా అని ఎవరో అడిగారు, పొయ్యిలోకి కట్టెల్లేవని ఇది సతాయించి పంపింది అంది నా నోరు, నా నోరే, ఎనిమిదేళ్ల పిల్ల నా ఒళ్లో ఉంది, విన్నది, కోడలు గోడవారనుంచి ఒక్కసారి నన్ను చూసి తల దించుకుంది, తప్పు చేసినదానిలా దించుకుంది కదా అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించింది.

ఏమే, ఆ రోజు నోరెందుకు విప్పలేదు అన్నాను, ఇప్పుడెందుకత్తయ్యా, ఎండెక్కుతోంది, మోపు కట్టండి అంది, కట్టను, చెప్పు అన్నాను, చాలాసేపు తాడు చిక్కులు విప్పుతూ కూర్చుంది, ఆయన పోయాక నేను లేచే స్థితిలో లేను, పిల్లకి అన్నం పెట్టే చెయ్యి మీదొక్కటే, నిజం పైకి అంటే మీరూ ఆయన వెనకే పోతారనిపించింది, అంది, మరి పిల్ల నిన్ను అసహ్యించుకుంటుంటే అన్నాను, అన్నం తింటోంది కదా అనుకున్నాను, అంది, ఎవరి ఇంటి సంగతో చెప్పినట్టు చెప్పింది, చెప్పి కళ్లు తుడుచుకోవడానికి అటు తిరిగింది, దాని మెడ మీద మోపుల ఒరిపిడికి నల్లబడ్డ చర్మం, ఇంతకాలం ఒకే ఇంట్లో ఉండి నేనది చూడనే లేదు, తన భర్తని పోగొట్టినదాన్ని బతికించుకోవడానికి తన బిడ్డని నాకు ఇచ్చేసింది ఇది, తిరిగి ఇమ్మని ఒక్కనాడూ అడగలేదు, ఇక అడగదు కూడా, ఇవ్వాల్సింది నేనే, రేపు ఆ పిల్ల గుమ్మంలో కాలు పెట్టగానే, ఆ తర్వాత అది నన్ను నాన్నమ్మా అని పిలవకపోయినా సరే.