రెండో చరణం

దుప్పటికి నాలుగు కొసలు. రెండు మడత బాబాయివి, రెండు వదినవి. చుట్టరికం లేదు, పనిచోట కలుపుకున్న వరసలు. ఎదురెదురుగా నిలబడి ఒక్క ఊపున దులుపుతారు, సగానికి మడుస్తారు, ఒకరివైపు ఒకరు నడుస్తారు. ఆయన తన కొసలు ఆవిడ చేతికిచ్చి, వంగి కింది అంచు అందుకుని వెనక్కి నడుస్తాడు. పొద్దుటినుంచీ అదే నడక. చూసేవాళ్ళకి నాట్యం, చేసేవాళ్ళకి నడుంనొప్పి.

ఆస్పత్రి అడుగున, కిటికీల్లేని ఆ లాండ్రీలో ఆయన యవ్వనం ఆవిరైపోయింది. చేతులు బ్లీచింగుకి తెల్లబడ్డాయి, గోళ్ళు అరిగాయి, మొహం ఎంత ఇస్త్రీ చేసినా లొంగని గుడ్డలా మిగిలింది. ఆ జీవితంలో మలుపుల్లేవు, అన్నీ మడతలే. పెళ్ళి కుదరలేదు. తమ్ముడింట్లో వరండా పక్క గదిలో ఉంటాడు. ఆ ఇంట్లో ఎవరి చెవుల్లో వాళ్ళ వైర్లుంటాయి. "ఈ పాట విన్నావురా?" అని అడగాలన్నా ముందు భుజం తట్టాలి.

ఇక్కడ లాండ్రీలో మాత్రం టీ అయ్యాక రోజుకొకరి వంతు. ఎవరి వయసునాటి పాట వాళ్ళు తెచ్చి టేప్‌రికార్డర్లో గట్టిగా పెడతారు, మిగతావాళ్ళు ఆ లయలో పనిచేస్తారు. ఇస్త్రీ యంత్రం తిప్పే బండోడు డప్పు పాట పెడితే దుప్పట్లు ఎగిరి గంతేసేవి. టేప్‌రికార్డరున్న బీరువాకి తాళం సూపర్‌వైజరు వేసేవాడు, పాటకి తాళం వీళ్ళు వేసేవారు. ఆ ఇస్త్రీ గదిలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ, వదిన, తన వంతు ఎప్పుడూ వాడుకోలేదు. "నాదీ మరిదికే ఇచ్చెయ్యండి. ఆయన పాటే నా పాట," అనేది. పాట అయ్యాక "బాగుంది మరిదీ" అనేది. ఆ మాటల్ని బాబాయి ఏళ్ళతరబడి నలగకుండా దాచుకున్నాడు.

చిక్కల్లా ఆయనకి ప్రాణమైన పాటతోనే. పడవ కోసం రేవులో ఎదురుచూసే మనిషి పాట. మహా నిదానం. మొదలవగానే దుప్పట్లు సైతం ఆవులించేవి. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి కట్టేసేవాడు.

"పాటా ఇది, పాడె మోతా? అక్కడ బట్టల గుట్ట చూడండి ఎంత పెరిగిందో!"

పల్లవి దాటి చరణం మోపనిచ్చేవాడు కాదు.

"రెండో చరణంలో గొంతు ఒకచోట ఆగుతుంది వదినా. ఏడుపు కాదు, ఏడుపు మింగడం. ఒక్కసారైనా అది నీకు వినిపించాలి," అనేవాడు బాబాయి.

వదిన ఆయన పెదాలు చూసి నవ్వేది. "అదుగో ఇదుగో అంటూ జుట్టు నెరిసింది. ఎప్పుడు వినిపిస్తావయ్యా?" యంత్రాల హోరులో అక్కడ ఎవరైనా పెదాలు చూసి, అరిచే మాట్లాడుకుంటారు.

ఈరోజు ఆయనకి ఆఖరి రోజు. పదవీ విరమణ అని గోడకి కాగితం అంటించారు. పదవి ఎప్పుడూ లేదు, విరిగింది నడుమే.

టీ అయింది. సూపర్‌వైజరు బీరువా తాళం తీసి మీటింగుకి పైకి వెళ్ళాడు. బండోడు చేతులు తుడుచుకుని, "బాబాయ్, ఇదే మా బహుమానం. ఇవ్వాళ నీ పాట తోకదాకా!" అంటూ యంత్రాలన్నీ ఆపేశాడు. ఆ గది మొదటిసారి నోరు మూసుకుంది.

పాట మొదలైంది. దుప్పటి అందుకున్నారు. ఆయన భుజాలు ఊగుతున్నాయి, ఆ ఊపుకి ఆవిడ అడుగు వేస్తోంది. రెండో చరణం వచ్చేసరికి ఆయన కదలడం మరిచి కళ్ళు మూసుకున్నాడు. పాటలో గొంతు ఆగింది. మింగింది.

కళ్ళు తెరిస్తే, వదిన తన కొసలు మడిచేసి బల్లమీద పెట్టి చూస్తోంది.

"ఏం మరిదీ, మళ్ళీ కట్టేశాడా?"

పాట వస్తూనే ఉంది.

"నీకు వినపడదా వదినా?" అని అరిచాడు బాబాయి, యంత్రాలు ఆగాయన్న సంగతే గుర్తు లేక. గోడలు ఆ మాటని తిరిగి అరిచాయి.

ఆవిడ దగ్గరికొచ్చి, గుసగుస అనుకుని, గది దద్దరిల్లేలా చెప్పింది: "చాలా ఏళ్ళయింది. నీ భుజాలు చూసే నెట్టుకొస్తున్నా. యంత్రాల బెల్లు వినపడదని తెలిస్తే నన్నుంచరు. ఇంట్లో మనిషి మంచంమీద ఉన్నాడు. ఎవరితోనూ అనకు మరిదీ."

సూపర్‌వైజరు ఆఖరి మెట్టు మీద ఉన్నాడు. మొదటిసారి అతను పాట ఆపలేదు.

"ఆవిడకి రేపటినుంచి రావద్దని చెప్పు బాబాయ్," అన్నాడు నేల చూస్తూ. "యంత్రాల దగ్గర ఏదన్నా అయితే నా పీక మీదకొస్తుంది. నువ్వే చెప్పు. నీ మాటయితే ఆవిడకి కనిపిస్తుంది."

బాబాయి చెప్పాడు, గొంతు లేకుండా. ఆవిడ ఆ పెదాలు కదలడం ఆగేదాకా చూసింది.

"అయితే అందరూ విన్నారన్నమాట."

ఏప్రన్ విప్పి, మడవబోయి, మానేసి కొక్కేనికి తగిలించింది. మెట్లదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"పాట బాగుందా?"

"బాగుంది వదినా," అన్నాడు.

ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయనా వెళ్ళాడు, గోడ మీద కాగితం వంక చూడకుండా. బండోడు యంత్రాలు వేశాడు. బల్ల దగ్గర వాళ్ళ దుప్పటి ఉంది, ఆవిడ రెండు కొసలు పైన మడత పడి, ఆయన రెండు కొసలు నేలమీద.