సొన్నమ్మ ఊడ్వలేదు

మైనం కరిగింది. సొన్నమ్మ పాత నూలుచీర ముక్కను రెండు మడతలు వేసి ఖాళీ గిన్నె మూతికి బిగించి కట్టింది. వేడినీళ్ళ డేక్సాలోంచి మైనం పాత్రను మసిగుడ్డతో పట్టి ఎత్తి, సన్నటి ధారగా వంచింది. తేనీగ పిల్లల పొట్టూ గోధుమరంగు మడ్డీ గుడ్డమీద నిలిచిపోయాయి. పసుప్పచ్చటి మైనం కిందికి దిగింది. షెడ్డంతా తేనె వాసన కమ్ముకుంది.

ఈ పని చేసేటప్పుడు ఆమె కిటికీ వైపు చూడదు. చూడాల్సిన పని లేదు. ఆ వాసనకు తేనీగలు వచ్చి కిటికీ జాలీకి వాలతాయి. లోపలికి రాలేక గీపెడతాయి. ఆ రొద వింటూ వడపోస్తుంది, వత్తులు దించుతుంది, కొవ్వొత్తుల అచ్చుల్లో పోస్తుంది. పద్నాలుగేళ్ళుగా ప్రతి కాపులోనూ అంతే.

ఆ ఆదివారం రెండో విడత వంచుతుండగా ఏదో తక్కువైనట్టనిపించింది. ధార ఆపింది. స్టవ్ మంట చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలెత్తి చూసింది. ఎండ జాలీమీద పూర్తిగా పరుచుకుంది. ఒక్క ఈగ లేదు.

స్టవ్ కట్టేసి బయటికి నడిచింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి. మోచేతుల దాకా మైనం చుక్కలు పడి కాలిన మచ్చలు. ఎడమ మోకాలు ఈమధ్య మాట వినడం లేదు. అయినా ఆ పూట కానుగచెట్ల వరస దాకా ఆమె దాదాపు పరుగెత్తింది.

తేనెపెట్టెలు తొమ్మిది ఆ చెట్ల నీడలోనే ఉన్నాయి. మార్చినెల, కానుగ విరగబూసింది. పూత మొదలైతే పొద్దున్నే చెట్టంతా జుమ్మంటూ ఉండాలి. చెట్టు మూగగా నిలబడి ఉంది. మొదటి పెట్టె ముందర నేల నల్లగా కనబడింది. చీమలేమో అనుకుంది. దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చుంది.

చచ్చిన ఈగలు. కుప్పలుగా. ఒక్కోదాని నాలుక బయటికి చాచుకుని ఉంది. కొన్నిటి కాళ్ళకు పుప్పొడి ముద్దలు ఇంకా అంటుకునే ఉన్నాయి. కొన్ని వెల్లకిలా పడి, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. రెండో పెట్టె, మూడోది, నాలుగోది... వంగి ఒక్కోదానికీ చెవి ఆనించింది. ఎనిమిదింటిలో సడి లేదు. చివరి పెట్టె ఒక్కటి, మిగతావాటికి ఎడంగా గేటు వైపు ఉన్నది, లోపల సన్నగా మూలుగుతోంది.

సొన్నమ్మ లేచి ద్రాక్షపందిరి కిందికి వెళ్ళింది. గుత్తులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక ఆకు తుంపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. ఇరవై ఏళ్ళు పురుగులమందు కొట్టే మొగుడి చొక్కాలు ఉతికిన చేతులు అవి. ఆకుమీదా కాయలమీదా ఎండిన చుక్కల తెల్లటి మరకలు ఉన్నాయి.

ఆ ఆకును పిడికిట్లో నలిపేసింది.

"అక్కా, ఈడ ఉండారా? మీకోసం షెడ్డంతా వెతికితి," అంటూ అశోక్‌కుమార్ వచ్చాడు. తోట మేనేజరు. రెండేళ్ళ కిందట చేరాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. "పదిగంటలకు తోట చూసే గెస్టులు వచ్చేస్తారు. ఆ పెట్టెల ముందర కొంచెం ఊడ్చేయండక్కా. చూసేదానికి బాగలేదు."

"ఎప్పుడు కొట్టిస్తివప్పా మందు?"

"నిన్న. పిండినల్లి పట్టింది గదా. గుత్తులు తెల్లగా ఉంటే ఫోటోల్లో ఏమి కనబడతాయి?"

"నిన్న ఎన్నిగంటలకు?"

అతను ఫోను వైపు చూశాడు. "తొమ్మిదో పదో. గెస్టులొచ్చే లోపల ఆరాలి గదా."

తొమ్మిది, పది. ఈగలన్నీ పూలమీద ఉండే వేళ. సొన్నమ్మకు అప్పుడు తెలిసింది. నిన్న పొద్దున్నే వత్తిదారం అయిపోయిందని ఆమెను సిటీలోని నగర్తపేట బజారుకు తరిమింది ఇతనే. రెండు బస్సులు మారి, ఆ ఇరుకు సందుల్లో మోకాలు ఈడ్చుకుంటూ దారం ఉండలు కొని, పొద్దు వాలేటప్పటికి తిరిగొచ్చింది. ఇవాళ షెడ్డు తలుపు తీస్తే పాత ఉండలు మూడు అటకమీదే ఉన్నాయి. పొరపాటున చూసుకోలేదేమోలే అనుకుంది. పాపం, పనుల్లో మరిచిపోయి ఉంటాడని తనే సర్దిచెప్పుకుంది.

"నేనుంటే కొట్టనియ్యనని నన్ను పంపిస్తివి."

"ఇప్పుడు అదంతా ఎందుకక్కా. ఊడ్చండి ముందు."

"ఊడ్వను," అంది సొన్నమ్మ.

తోట యజమాని ఛాయాదేవి వరండాలో కాఫీ తాగుతోంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి, డెబ్భై దాటింది. దేవనహళ్ళి పక్కన ఈ రెండెకరాలు కొని ద్రాక్ష వేసినప్పుడు సొన్నమ్మ మొగుడు మునినారాయణప్పనే కొమ్మ కత్తిరించడానికి పెట్టుకుంది. అంతకుముందు అతను చుట్టుపక్కల తోటలన్నిటికీ మందు కొట్టేవాడు. వీపున డ్రమ్ము, ముక్కుకు గుడ్డకూడా ఉండేది కాదు. ఇక్కడికొచ్చాక కూడా మొదట్లో మందు కొట్టాడు. ఒకసారి రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు మోరీ కింద తేనెపట్టును తగలబెట్టబోతుంటే అడ్డంపడి, పట్టును గోనెసంచిలో తెచ్చి, తనే పెట్టె చేసి అందులో పెట్టాడు. ఆ ఒక్క పెట్టెతోనే తేనె వచ్చింది, మైనం వచ్చింది, సొన్నమ్మకు కొవ్వొత్తుల పని వచ్చింది. ఈగలొచ్చాక పగలు మందు కొట్టనని అతనే మొండికేశాడు. అప్పటికే ఊపిరితిత్తులు పాడైపోయాయి. రెండేళ్ళు దగ్గి దగ్గి, నాలుగేళ్ళ కిందట పోయాడు. ఆసుపత్రిలో డాక్టరు ఏం పని చేసేవాడని అడిగితే "తోటపని" అని మాత్రమే చెప్పింది సొన్నమ్మ. అంతకుమించి చెప్పాలని అప్పుడు తోచలేదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఆమెకు తనమీద తనకే కోపం వస్తుంది.

శవం లేవకముందు ఛాయాదేవి ఇంటికొచ్చింది. మట్టినేలమీద పక్కన కూర్చుని సొన్నమ్మ చెయ్యి పట్టుకుంది. ఇకమీద నా తోటలో మందు డ్రమ్ము కనబడదు సొన్నమ్మా, అంది. మందు తగలని తోట అని ఆ ఏడే గేటుకు బోర్డు కట్టించింది.

"మీకు తెలుసునామ్మా?" మెట్ల కింద నిలబడి అడిగింది సొన్నమ్మ.

ఛాయాదేవి గ్లాసు కింద పెట్టింది. "తెలుసు," అంది.

సొన్నమ్మ ఒక మెట్టు ఎక్కింది.

"ఒక్కసారికే సొన్నమ్మా. ఇరవై కుటుంబాలు వస్తున్నాయి. గుత్తులు చూస్తే పురుగు. తోట నడవాలా వద్దా? ఈగల్ని మళ్ళీ తెప్పించుకుందాం, పెట్టెలతో సహా అమ్ముతారు. ఈ ఒక్కరోజు సర్దుకో."

"పిల్లోళ్ళు వస్తారు. పండ్లు తింటారు గదమ్మా."

"కడిగి పెట్టమన్నాను."

"చెట్టున కోసుకుని ఆడే తినేదానికి గదా వాళ్ళొచ్చేది!"

ఛాయాదేవి చూపు తిప్పుకుని చీర కుచ్చెళ్ళు సరిచేసుకుంది. తరగతిలో జవాబు రాని పిల్లలా ఉంది ఆ ముఖం. అది చూసి సొన్నమ్మకు జాలి కలగలేదు.

షెడ్డుకు తిరిగి వస్తూ చూసింది. అశోక్‌కుమారే చీపురు పట్టాడు. రెండు పెట్టెల ముందర ఊడ్చేసరికి గేటు దగ్గర కార్లు హారన్ కొట్టాయి. మిగతా పెట్టెల ముందరి ఈగల కుప్పలమీద నీడకు కట్టే పచ్చటి వల పరిచేసి, చేతులు దులుపుకుని నవ్వుముఖంతో పరుగెత్తాడు.

కార్లన్నీ సిటీలో బ్రూక్‌ఫీల్డ్ వైపునుంచి వచ్చినవే. టోపీలు, నల్లకళ్ళద్దాలు, పిల్లల కేరింతలు. మొదట కొవ్వొత్తుల పని చూపించడం సొన్నమ్మ వంతు. తెల్లబట్ట పరిచిన బల్లవెనక నిలబడి, పుల్లకు కట్టిన వత్తిని మైనంలో ముంచి, తీసి, ఆరనిచ్చి, మళ్ళీ ముంచింది. పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. ఎప్పుడూ ఈ ఘట్టం ఆమెకు ఇష్టం. ఇవాళ చేతులు వాటంతటవే కదిలాయి. ఎవరో ఏదో అడిగితే వినబడలేదు.

అశోక్‌కుమార్ చప్పట్లు కొట్టి ఇంగ్లీషులో, కన్నడంలో చెప్పాడు. ఇక పందిరి కిందికి వెళ్ళొచ్చు, ఎవరి గుత్తి వాళ్ళే కోసుకోవచ్చు, అక్కడికక్కడే తినొచ్చు.

గుంపు కదిలింది. బల్ల దగ్గర ఒకామె ఆగింది. పక్కన నాలుగేళ్ళ పాప. సొన్నమ్మ తనలో తాను గొణుక్కుంటున్నది విన్నదేమో, "అరే, ఆంటీ, మీరు తెలుగా! నా పేరు కిరణ్మయి, మాది నెల్లూరు," అంది. "గ్రేప్స్ వాష్ చెయ్యకుండా తినెయ్యొచ్చా? బోర్డు మీద కెమికల్స్ ఏమీ లేవని ఉంది కదా. పాపకి స్టమక్ కొంచెం సెన్సిటివ్, అందుకని అడుగుతున్నా."

సొన్నమ్మ ఆ పాప వైపు చూసింది. తల్లి చెయ్యి లాగుతూ పందిరి వైపే చూస్తోంది ఆ పిల్ల. ఈ తోట అన్నం పద్నాలుగేళ్ళు తిన్నానన్న సంగతి సొన్నమ్మకు గుర్తుంది. అయినా చేతిలోని వత్తిపుల్ల కింద పెట్టింది.

"తినొద్దమ్మా. నిన్న పొద్దున మందు కొట్టినారు."

"ఏంటి?"

"పురుగులమందు!" సొన్నమ్మ గొంతు తనకే తెలియనంత గట్టిగా లేచింది. "ఎవురూ తినొద్దండి! పిల్లోళ్ళ నోట్లోంచి తీసెయ్యండి!"

కిరణ్మయి అదే మాట ఇంగ్లీషులో అరుస్తూ పందిరి కిందికి పరుగెత్తింది. తల్లులు పిల్లల నోళ్ళలో వేళ్ళు పెట్టారు. ఒకాయన నీళ్ళసీసాతో కొడుకు నోరు పుక్కిలింపిస్తున్నాడు. గుత్తులు నేలపాలయ్యాయి.

"ఆమెకు తెలీదు మేడం!" అశోక్‌కుమార్ చేతులూపుతూ వచ్చాడు. "అది వేపనూనె. ఉత్త వేపనూనె. ఆర్గానిక్!"

సొన్నమ్మ కానుగచెట్ల కిందికి నడిచింది. పచ్చవల పట్టుకుని లాగి పారేసింది. వంగి ఈగల్ని దోసెడు ఎత్తింది, నింపాదిగా, ఒక్కటి కూడా జారనీకుండా. తిరిగొచ్చి బల్లమీది తెల్లబట్టమీద కుమ్మరించింది. అందులో ఒకటి ఇంకా రెక్క కొట్టుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది.

"వేపనూనెకు ఇట్ల చస్తాయప్పా?"

ఎవడో ఫోను ఎత్తి ఆ ఈగల్నీ ఆమె ముఖాన్నీ వీడియో తీయసాగాడు. వాణ్ణి చూస్తే ఆమెకు ఇంకా మండింది. "తియ్యప్పా, బాగా తియ్యి," అంది. వాడు ఫోను దించేశాడు.

అరగంటలో కార్లన్నీ వెళ్ళిపోయాయి. ఛాయాదేవి కర్ర ఊతంతో షెడ్డు దాకా వచ్చింది.

"నా పరువు తీసేశావు సొన్నమ్మా. నన్ను అడిగి ఉండొచ్చు. లోపలికి పిలిచి చెప్పి ఉండొచ్చు."

"చెప్తిని గదమ్మా పొద్దున. సర్దుకో అంటిరి."

"పద్నాలుగేళ్ళు నిన్ను మనిషిలా చూసుకున్నాను."

"మా ఆయన పోయిన దినం నా చెయ్యి పట్టుకుని మీరు చెప్పిన మాట జ్ఞాపకం ఉండాదామ్మా?"

ఛాయాదేవి కళ్ళు నేలకు వాలాయి. "ఉంది."

"మర్చిపోయినాను అని చెప్పింటే బాగుండు," అంది సొన్నమ్మ. "జ్ఞాపకం పెట్టుకుని కొట్టిస్తిరి."

"రేపట్నుంచి రావద్దు!" అని అశోక్‌కుమార్ వెనకనుంచి అరిచాడు. ఛాయాదేవి అతన్ని వారించలేదు. ఔననీ అనలేదు. కర్ర ఆనించుకుంటూ ఇంటివైపు తిరిగింది.

సొన్నమ్మ షెడ్డులోకి వెళ్ళి పాత్రలు కడిగి బోర్లించింది. మధ్యాహ్నమంతా గేటు పక్కనున్న ఆ చివరి పెట్టె దగ్గర చెట్టుకు ఆనుకుని కూర్చుంది. కాళ్ళు చాపుకుని, తలమీద కొంగు వేసుకుని. పైన విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఒక్కో ఈగ వచ్చి లోపలికి దూరుతోంది. వాటిని ఆమె కళ్ళప్పగించి చూసింది. ఏడుపు రాలేదు. వస్తే మేలని కూడా అనుకుంది. అన్నం తినమని పిలవడానికి ఎవరూ రాలేదు.

పొద్దు కుంకుతుండగా ఈగల రాకపోకలు ఆగాయి. సొన్నమ్మ లేచి కొంగు చించి పెట్టె రంధ్రంలో కుక్కింది. తాడుతో పైమూతను బిగించి కట్టింది. మోరీ కిందినుంచి తెచ్చిన పట్టుకు మునినారాయణప్ప తన చేత్తో చేసిన పెట్టె అది. పాత గుడ్డను తలమీద చుమ్మగా చుట్టుకుని, మోకాలు కలుక్కుమంటున్నా పళ్ళు బిగబట్టి, దాన్ని తలకెత్తుకుంది.

గేటు దగ్గర అశోక్‌కుమార్ అడ్డం వచ్చాడు. "అక్కా, అది తోటది."

"ముట్టుకో చూద్దాం," అంది సొన్నమ్మ.

వరండాలోంచి ఛాయాదేవి గొంతు వినిపించింది. "పోనియ్యి అశోక్."

అతను పక్కకు తప్పుకున్నాడు. సొన్నమ్మ వెనక్కి చూడలేదు. థాంక్స్ చెప్పలేదు. తలమీద సన్నటి మూలుగు మోసుకుంటూ ఊరిబాట పట్టింది. వాహనాల దీపాల మధ్య ఆమె చీర కాసేపు కనబడి, మలుపులో కనబడకుండా పోయింది.

కానుగచెట్టు కింద పెట్టె కూర్చున్న ఇనుప స్టాండు మిగిలింది. చీమలెక్కకుండా దాని నాలుగు కాళ్ళూ నాలుగు నీళ్ళడబ్బాల్లో నిలబడి ఉన్నాయి. ఎక్కడో ఆలస్యమైన ఈగలు రెండు మూడు వచ్చి, పైన చాలాసేపు తిరిగి తిరిగి, ఇంకా చల్లబడని ఆ ఖాళీ ఇనుము మీద వాలాయి.